ఏ కంపెనీ హార్డ్ డిస్క్ కొనాలి? తమ్ముడికి ఏమని చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినావిడకు నలభై దాటాయి. ఇంట్లో ఫొటోల పెత్తనం మొదటి నుంచీ ఆమెదే. 2011 నుంచి తీసిన ఫొటోలు, వీడియోలు, అమ్మానాన్నల పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసినవి అన్నీ కలిపి దాదాపు 380 జీబీ. మొత్తం ఒకే పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నారు. ఫోన్ నిండినప్పుడల్లా అందులోకి ఎక్కించడం, ఫోన్లోంచి తీసేయడం. లాప్‌టాప్ మార్చినప్పుడూ అంతే. ఏడాదిన్నర కింద అమ్మ పోయారు. మూడు నెలల కింద డిస్క్ లాప్‌టాప్‌కి తగిలించి ఉండగా, బాబు కాలికి కేబుల్ చుట్టుకుని అది బల్ల మీంచి కింద పడింది. అప్పటి నుంచి పెడితే లోపల టిక్ టిక్‌మంటోంది. ఒక్కోసారి పేరు కనిపిస్తుంది, ఫోల్డర్ తెరిచేలోపు మాయమవుతుంది. "రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కసారి పెట్టి చూస్తాను, ఈరోజైనా వస్తుందేమోనని" అని రాశారు.

ఈ సంగతి తమ్ముడికి తెలియదు. రెండు నెలల్లో నాన్నగారి డెబ్బయ్యో పుట్టినరోజు. ఫొటోలతో ఒక పుస్తకం వేయిస్తానని తమ్ముడు ఉత్సాహంగా ఉన్నాడు. "అక్కా, అమ్మవి అన్నీ నీ దగ్గరేగా ఉన్నాయి, ఒక రెండొందలు ఏరి పంపు" అంటాడు. ఈమె "పంపుతా, పని ఎక్కువగా ఉంది" అంటూ నెట్టుకొస్తున్నారు. కొత్త డిస్క్ కొందామంటే భర్త "ఆ కంపెనీది మాత్రం మళ్ళీ వద్దు" అంటారు. ఆఫీసులో ఒకాయన "ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళాల బదులు చిప్‌లలో దాచే డిస్క్) కొనండి, పడినా ఏం కాదు" అంటారు. ఆడపడుచు "క్లౌడ్ (ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు) ఉండగా ఇంకా ఈ డబ్బాలెందుకు వదినా" అంటుంది. ఆన్‌లైన్‌లో ఐదు చుక్కల రేటింగ్ ఉన్న డిస్క్ కిందే ఎవరో "ఆరు నెలల్లో పోయింది" అని రాసి ఉంటుంది. మూడు నెలలుగా చదువుతూనే ఉన్నారు, ఏదీ కొనలేదు. చివర్లో రెండు ప్రశ్నలు అడిగారు: నమ్మదగిన హార్డ్ డిస్క్ ఏది? తమ్ముడికి ఏమని చెప్పాలి?

ఉత్తరం మధ్యలో ఒక వాక్యం ఉంది. ఆ డిస్క్‌లో నలభై సెకన్ల వీడియో ఒకటి ఉందట, వాళ్ళమ్మ కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టి "చాల్లే, ఆపు" అంటుందట. "నాకు మిగతావి పోయినా పర్వాలేదు, అదొక్కటి కావాలి" అని రాశారు.

మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు ఒక పని ఉంది. ఈ రాత్రి ఆ పాత డిస్క్ తగిలించకండి. రేపూ వద్దు. కేబుల్ విడిగా తీసి, ఒక మెత్తని గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టేయండి.

ఎందుకో చెప్తాను. దాని లోపల అద్దంలా మెరిసే పళ్ళాలు ఉంటాయి. పోర్టబుల్ డిస్కుల్లో అవి సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 90 సార్లు. వాటిని చదివే హెడ్ పళ్ళెం మీద ఆనదు, పైన కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలిలో తేలుతుంది. మన తల వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. అంత సన్నని సందులో పని జరుగుతుండగా డిస్క్ నేల మీద పడింది. ఆ టిక్ టిక్, హెడ్ తన చోటు వెతుక్కుని, దొరక్క, వెనక్కొచ్చి మళ్ళీ వెళ్ళే చప్పుడు. హెడ్ వంగి ఉంటే మీరు పెట్టిన ప్రతిసారీ పళ్ళెం మీది అయస్కాంతపు పూత మీద గీత పడే ప్రమాదం ఉంది. పూత గీసుకుపోయిన చోట ఉన్న ఫొటోని ఎంతటి నిపుణుడూ వెనక్కి తేలేడు.

పడకుండానే ఇలా చప్పుడు చేసి ఉంటే నా మొదటి అనుమానం కేబుల్ మీద ఉండేది. పోర్టబుల్ డిస్క్ కరెంట్ కూడా యూఎస్‌బీ లోంచే లాక్కుంటుంది. కేబుల్ వదులైనా, నాలుగు వస్తువులు వేలాడే హబ్‌కి తగిలించినా కరెంట్ చాలక అచ్చం ఇలాగే టిక్‌టిక్‌మంటుంది. కేబుల్ మార్చి, హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి పెడితే బాగైన డిస్కులు చాలా చూశాను. కానీ మీది తిరుగుతూ ఉండగా పడింది. ఇక్కడ ఆ ప్రయోగాలు వద్దు. ఫ్రిజ్‌లో పెట్టమనీ, విప్పి చూడమనీ ఎవరో ఒకరు చెప్తారు. వినకండి.

పక్కన పెట్టిన డిస్క్‌లో సమాచారం నెలల్లో ఎక్కడికీ పోదు. డబ్బు ఇప్పుడు వీలుకాకపోతే ఆర్నెల్ల తర్వాత రికవరీకి, అంటే పాడైన డిస్క్‌లోంచి ఫైళ్ళు తీసిచ్చేవాళ్ళకి, ఇచ్చినా పెద్ద తేడా ఉండదు. కాబట్టి తొందర లేదు. ఇచ్చేటప్పుడు మాత్రం కొన్ని అడగండి. దుమ్ము చొరబడని గదిలోనే విప్పుతారా? హెడ్‌లు మార్చడానికి అదే మోడల్ డిస్క్ వాళ్ళ దగ్గర ఉందా? ముందు చూసి, ఏ ఫైళ్ళు వస్తాయో జాబితా చూపించి, తర్వాత డబ్బు తీసుకుంటారా? ఏమీ రాకపోతే ఎంత తీసుకుంటారు? "విప్పి ఇంకో డబ్బాలో పెడితే వచ్చేస్తుంది" అన్నవాళ్ళ దగ్గర్నుంచి డిస్క్ తీసుకుని వచ్చేయండి. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్ లోపలి సర్క్యూట్ మీదే అతికి ఉంటుంది, రాసిందంతా ఆ సర్క్యూట్ తాళం వేసి మరీ రాస్తుంది. వాటిని మామూలు కంప్యూటర్ డిస్క్‌లా మార్చి పెట్టడం కుదరదు. ఆ నలభై సెకన్ల వీడియో సంగతి ముందే చెప్పండి. ఫలానా ఏడాది ఫోల్డర్ ముందు చూడండి అంటే, డిస్క్ బతికున్న కాసేపట్లో వాళ్ళు దానికే ముందు ప్రయత్నించగలరు.

ఇక మొదటి ప్రశ్న.

మీవారి కోపం నాకు అర్థమైంది. కానీ తిరుగుతూ ఉండగా బల్ల మీంచి పడితే ఏ కంపెనీ డిస్కైనా అదే పని చేసేది. బయట ఎన్ని పేర్లు, ఎన్ని రంగుల డబ్బాలు కనిపించినా, ఇవాళ లోపల తిరిగే హార్డ్ డిస్క్ తయారుచేసే కంపెనీలు మూడే: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా. ఒకప్పుడు ఇంకా చాలా ఉండేవి, ఒకదాన్నొకటి కొనేసుకున్నాయి. బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ కంపెనీ తన దగ్గరున్న లక్షల డిస్కుల్లో ఏవి ఎన్ని పోయాయో 2013 నుంచీ లెక్కలు బయటపెడుతోంది. 2023లో అన్ని మోడళ్ళూ కలిపి 1.4 శాతం పోయాయి. అవి కదలకుండా ఒకచోట కూర్చునే పెద్ద డిస్కులు. మనవి సంచుల్లో తిరుగుతాయి, పిల్లల కాళ్ళకి తగులుతాయి. కాబట్టి ఆ అంకె మనకి నేరుగా వర్తించదు. కానీ ఆ లెక్కలు చూస్తే ఒకటి కనిపిస్తుంది: ఒకే కంపెనీలో ఒక మోడల్ ఏళ్ళ తరబడి ఆడుతుంది, దాని పక్క మోడల్ మొండికేస్తుంది. పేరు చూసి తేల్చుకునేది పెద్దగా ఏమీ లేదు.

అందుకే "నమ్మదగిన డిస్క్ ఏది" అన్న ప్రశ్నకి జవాబు మీకు మూడు నెలల్లో దొరకలేదు. ఇంకో మూడు నెలలు చదివినా దొరకదు. ఒక లెక్క చూడండి. ఏడాదిలో వందకి రెండు డిస్కులు పోతాయనుకుందాం. ఒకే డిస్క్ ఉంటే మీ ఫొటోలు పోయే అవకాశం వందకి రెండు. వేర్వేరు రెండు డిస్కులుంటే ఆ ఏడాదే రెండూ పోయే అవకాశం పదివేలకి నాలుగు. ప్రపంచంలోకెల్లా మంచి డిస్క్ ఒక్కటి వెతికి కొన్నా అంత భద్రత రాదు. మామూలువి రెండు కొంటే వస్తుంది.

అయితే ఈ లెక్క ఆ రెండూ నిజంగా వేర్వేరుగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. నా సొంత తెలివి చెప్తాను. కొన్నేళ్ళ కింద నేనూ ఎంతో జాగ్రత్తపరుణ్ణి అనుకుని, ఒకే రోజు ఒకే మోడల్ డిస్కులు రెండు కొన్నాను. రెండింట్లోనూ అన్నీ ఎక్కించి, రెండూ ఒకే సంచిలో పెట్టుకుని రైలెక్కాను. దిగేసరికి సంచి లేదు. బ్యాకప్ కూడా దొంగతోపాటే వెళ్ళిపోయింది.

ఇక్కడ ఇంకో మాట, నొప్పించడానికి కాదు. ఉత్తరంలో ఆరుచోట్ల "నా బ్యాకప్ డిస్క్" అని రాశారు. అది బ్యాకప్ కాదు. ఫోన్లోంచి తీసేసి డిస్క్‌లో పెట్టారు, అంటే ఫొటోలు ఇల్లు మారాయి అంతే. అసలు ఒకచోట ఉండి, నకలు ఇంకోచోట ఉంటేనే అది బ్యాకప్. మీ ఒక్కరి పొరపాటూ కాదిది, ఫోన్ నిండిన ప్రతివాళ్ళూ చేసేది ఇదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఆఫీసాయన చెప్పిన ఎస్‌ఎస్‌డీ. ఆయన చెప్పింది నిజమే, తిరిగే భాగాలు లేవు కాబట్టి పడినా సాధారణంగా తట్టుకుంటుంది, కాపీ కూడా చకచకా అయిపోతుంది. చిక్కు రెండుచోట్ల. అది పోయేటప్పుడు టిక్ టిక్ అని కూడా చెప్పకుండా పోతుంది. రెండోది, అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది, కరెంట్ తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటే మెల్లగా కారిపోవచ్చు. మామూలు వాడకం ఎస్‌ఎస్‌డీలకి పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం ఏమిటంటే, రాయగలిగినంతా రాసి అరిగిపోయిన తర్వాత కూడా 30 డిగ్రీల వేడిలో కరెంట్ లేకుండా ఒక ఏడాది నిలబెట్టుకోవాలి. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే ఆగుతుంది. కానీ బీరువాలో పెట్టి ఐదేళ్ళు మర్చిపోయే పనికి నేనైతే దాన్ని ఎంచుకోను. రోజూ చేతిలో తిరిగే నకలుకి ఎస్‌ఎస్‌డీ బాగుంటుంది, అలమరలో కూర్చునే నకలుకి హార్డ్ డిస్క్ చాలు, చవక కూడా.

మీ ఆడపడుచు చెప్పిన క్లౌడ్. పడదు, తడవదు, ఇంట్లో ఏం జరిగినా దానికేం కాదు. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ నుంచి ఉచితం 15 జీబీ వరకే, అదీ మెయిల్ వగైరాలతో కలిపి. మీ 380 జీబీకి అద్దె కడుతూనే ఉండాలి. అది కట్టగలిగితే మంచిదే. తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఫోన్లో, క్లౌడ్‌లో ఒకే ఫొటో కనిపిస్తుంటే అవి రెండు నకళ్ళు అనుకుంటాం. ఆ యాప్‌లో ఇక్కడ డిలీట్ నొక్కితే అక్కడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. బాబు చేతిలో ఫోన్ ఉన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. క్లౌడ్‌ని రెండో నకలుగా పెట్టుకోండి, ఒక్కటే నకలుగా వద్దు.

మూడోది, మామూలు హార్డ్ డిస్కులు రెండు. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్లో. నన్నడిగితే మీకు సరిపోయేది ఇదే. ఇబ్బంది ఏమిటంటే రెండోదాన్ని అప్పుడప్పుడూ తెచ్చి కొత్త ఫొటోలు ఎక్కించాలి. బద్ధకిస్తే అది పాతబడుతుంది. మీకు అంత ఓపిక లేదనుకుంటే ఒక డిస్కూ, క్లౌడూ పెట్టుకోండి. డబ్బు ఎక్కువైనా పని దానంతటదే అవుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఎక్కువేం లేవు. 2 టీబీ తీసుకోండి. 1 టీబీ పెడితే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది, మోసం కాదు, కంపెనీ వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తాయి. మీకు ఇప్పటికి అదీ సరిపోతుంది గానీ, ఇవాళ్టి ఫోన్ వీడియోలు నిమిషానికి వందల ఎంబీ తింటున్నాయి. రెండు డిస్కులూ వేర్వేరు కంపెనీలవి తీసుకోండి, లేదా కనీసం వేర్వేరు నెలల్లో కొనండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ ఒకేసారి పోకుండా. ఎక్కడా లేని చవకకి 16 టీబీ అని వేలెడంత వస్తువు అమ్మేవాళ్ళుంటారు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా చేస్తారు. నిండిన తర్వాత పాత ఫొటోల మీదే కొత్తవి రాసేస్తుంది. ఏది కొన్నా ముందు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్‌3 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అంచుదాకా రాసి, చదివి చూడండి. ఒక రోజు పడుతుంది, పట్టనీయండి. దొంగ సరుకు అక్కడే దొరికిపోతుంది, చావబోయే కొత్త డిస్క్ కూడా వారంటీలో ఉండగానే చస్తుంది. వారంటీ అంటే మీకు ఖాళీ డిస్క్ ఇస్తారు, ఫొటోలు ఇవ్వరు.

మీ ఇంట్లో విండోస్, మాక్ రెండూ ఉన్నాయన్నారు. డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే రెండింట్లోనూ పనిచేస్తుంది, కానీ కాపీ మధ్యలో లాగేస్తే అది తట్టుకోలేదు. ఎజెక్ట్ నొక్కి, డిస్క్ తిరగడం ఆగాకే చేతిలోకి తీసుకోండి. మొదటిసారి 380 జీబీ ఎక్కించేటప్పుడు మొదట జోరుగా వెళ్ళి, మధ్యలో నత్తనడక నడిస్తే భయపడకండి. ఇప్పటి పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో గీతలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా, ఇంటి మీద పెంకులు పేర్చినట్టు రాస్తారు. ఎక్కువ రాస్తే సర్దుకోవడానికి దానికి టైం కావాలి. బ్యాకప్‌కి దానివల్ల నష్టం లేదు. కాపీ అయ్యేదాకా దాన్ని నేల మీదే పెట్టండి. బల్ల మీద వద్దని మీకు నేను చెప్పక్కర్లేదు.

అయ్యాక పాతవీ కొత్తవీ కొన్ని ఫొటోలు, వీడియోలు తెరిచి చూడండి. ఆర్నెల్లకోసారి రెండు డిస్కులూ పెట్టి ఇదే పని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. అందులో పాడైన సెక్టార్ల (డిస్క్ మీద సమాచారం రాసే చిన్న చిన్న భాగాల) అంకె సున్నా నుంచి కదిలితే వెంటనే కొత్తది కొనండి. గూగుల్ తన డిస్కుల మీద 2007లో చేసిన అధ్యయనంలో, పళ్ళాలని పరీక్షించే స్కాన్‌లో మొదటి లోపం కనబడ్డ డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, లోపం లేనిదాని కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఇలాంటి ముఖ్యమైన హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాబట్టి ఆకుపచ్చ రంగులో "గుడ్" అని కనిపించినా ఒకే డిస్క్ మీద ధైర్యం వద్దు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మీరు దీన్ని వేరే ప్రశ్న అనుకుని చివర్లో రాశారు. నాకు ఇది మొదటి ప్రశ్నలో భాగంలాగే కనిపిస్తోంది. ఆ రెండో డిస్క్ ఎవరింట్లో ఉంటుంది?

చెప్పకుండా రికవరీకి ఇచ్చి, వస్తే సరే, రాకపోతే అప్పుడు చెప్దాం అనుకోవచ్చు. వస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రాకపోతే పుట్టినరోజుకి పది రోజుల ముందు, పుస్తకం ప్రింటుకి వెళ్ళాల్సిన వారంలో అతనికి తెలుస్తుంది. అప్పుడు ఫొటోలు పోయినందుకు కాదు, మూడు నెలలు దాచినందుకు బాధపడతాడు. ఈవారమే చెప్తే మొదట కోపం రావచ్చు. వస్తుందనే అనుకుని చెప్పండి. కానీ చేతిలో రెండు నెలలుంటాయి, ఇద్దరుంటారు.

ఆ రెండు నెలల్లో చేయగలిగింది చాలా ఉంది. ఇన్నేళ్ళలో మీరు తమ్ముడికి వాట్సాప్‌లో పంపినవి, అతను తీసినవి, ఇంటి గ్రూపులో పడినవి అతని ఫోన్లో ఉండొచ్చు. వాట్సాప్‌లో వచ్చినవి కుదించి ఉంటాయి, పేజీ నిండా వేస్తే మసకగా కనిపిస్తాయి గానీ పేజీకి నాలుగు చొప్పున వేస్తే బాగానే వస్తాయి. మళ్ళీ పంపించుకునేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపమనండి, ఇంకోసారి కుదించకుండా. పాత ఫోన్లు, కెమెరా మెమరీ కార్డులు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వాటితో కొత్తగా ఏమీ తీయకండి. డిలీట్ చేసినా, పైన కొత్తవి రాయనంతవరకూ కార్డుల్లోంచి తీయడానికి చాలాసార్లు వీలవుతుంది. స్కాన్ చేసిన ఆల్బమ్‌లు నాన్నగారి దగ్గరే ఉన్నాయని రాశారు, వాటిని మళ్ళీ స్కాన్ చేయొచ్చు.

ఇంకొకటి. అమ్మ ఫోన్ నాన్నగారి అలమరలో ఉందని ఉత్తరంలో ఎక్కడో ఒక ముక్క రాసి వదిలేశారు. దాన్ని తీయండి. వెనక బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టకుండా రిపేరు వాళ్ళకి చూపించండి. లేకపోతే చార్జింగ్ పెట్టి గ్యాలరీ చూడండి, గూగుల్ ఫొటోస్ తెరవండి. చాలా ఫోన్లలో ఆటోమేటిక్ బ్యాకప్ ఎప్పుడో ఎవరో ఆన్ చేసి ఉంటారు, వాడేవాళ్ళకే తెలియదు. రెండేళ్ళు ఎవరూ ముట్టని ఖాతాల్ని తీసేసే అధికారం గూగుల్ తన దగ్గర పెట్టుకుంది. 2023 డిసెంబర్ నుంచి అలా తీసేయడం మొదలుపెట్టింది కూడా. అమ్మ పోయి ఏడాదిన్నర అన్నారు. ఆ ఫోన్ ఒక్కసారి తెరిచి ఆ ఖాతాలోకి వెళ్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. ఆ "చాల్లే, ఆపు" వీడియో మీరే తీశారో, అమ్మ ఫోన్‌తో తీశారో గుర్తు తెచ్చుకోండి.

తమ్ముడికి చెప్పేటప్పుడు డిస్క్ ఎలా పడిందో కథంతా వద్దు. డిస్క్ పాడైంది, మూడు నెలలైంది, చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు, రికవరీకి ఇవ్వాలి, ఈలోపు నీ ఫోన్లో ఏమున్నాయో చూడు, కొత్తగా రెండు డిస్కులు కొంటున్నాను, ఒకటి నీ దగ్గరుంటుంది. ఇంతే చెప్పండి. రికవరీకి అయ్యే ఖర్చులో సగం అతను ఇస్తానంటే కాదనకండి, అవి అతనికీ అమ్మ ఫొటోలే. అతను ఇవ్వలేనంటే, ఎంతవరకు పెట్టాలన్నది మీవారితో ముందే ఒక అంకె అనుకుని వెళ్ళండి. ఆశ ఉన్నచోట బేరం కుదరదు.

ఇదంతా మాట్లాడ్డానికి ఇవాళ వీలుకాకపోతే, ఇవాళ్టికి ఒక్క మెసేజ్ మాత్రం పెట్టండి: "ఫోన్లో జాగా కోసం పాత ఫొటోలేవీ డిలీట్ చేయకు, రేపు ఫోన్ చేస్తాను."